గళ్ళ లుంగీ పెట్టిన పరీక్ష

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఏ వస్తువునీ బాగుందని ఒప్పుకునే అలవాటు లేదు. బెజవాడ వన్ టౌన్‌లో మా తాతయ్యది బట్టల కొట్టు, అటూ ఇటూ బాబాయిల కొట్లు. వంకాయలు కొన్నా, వెండి గిన్నె కొన్నా ముందు పెదవి విరవాలి, తర్వాతే చెయ్యి చాపాలి. పదేళ్ళకే నేను ఆ విద్యలో ఎంత ముదిరిపోయానంటే, నాకని కుట్టించిన కొత్త గౌను చూసి కూడా "ఏముంది ఇందులో" అనేదాన్ని. ధర తగ్గించేవాళ్ళు ఎవరూ లేక నేనే బిక్కమొహం వేసేదాన్ని.

పక్కింటి అక్క వాళ్ళ మావయ్య ఫోటో స్టూడియోలో పనిచేసేది. ఆ వేసవిలో పామర్రు నుంచి వాళ్ళ అమ్మమ్మ వచ్చింది. బతుకంతా వరిచేలల్లో వంగిన మనిషి, ఆదివారం కృష్ణలో బాప్తిస్మం తీసుకోబోతోంది. ఆ ఫోటో తీయాలని అక్క పట్టుదల. చిక్కేమిటంటే, ఆ ఎండల్లో నడుము లోతు నీళ్ళు దొరకాలంటే ఒడ్డు నుంచి చాలా లోపలికి నడవాలి. పోనీ కెమెరా పట్టుకుని వెంట దిగుదామంటే, ఎదురుగా కెమెరా కనబడితే చాలు, అమ్మమ్మ కళ్ళు గట్టిగా మూసేసుకునేది. ఆవిడకున్న ఫోటోలన్నిటిలోనూ నిద్రపోతున్నట్టే ఉంటుంది. అందుకే దూరాన్ని దగ్గరకు లాగే జూమ్ లెన్సు కావాలి. మద్రాసు నుంచి సరుకు తెచ్చే ఒకాయన, ఎప్పుడూ పేరు వినని కంపెనీ లెన్సు ఒకటి చవగ్గా ఇస్తానని, శనివారం దాకా చూసుకోమని వదిలి వెళ్ళాడు. అది మసక లెన్సు అయితే అమ్మమ్మ మునకా మసకలోనే పోతుంది. రెండోసారి మునగమని అడగలేం కదా.

అక్క దాన్ని మా తాతయ్య దగ్గరకు తెచ్చింది. ఆయనకు కెమెరాల గురించి ఏమీ తెలియదు, సరుకు గురించి తెలుసు. నేనే ముందు ఎగబడి అందులోంచి చూసి, "ఛీ, మసక! పైగా బరువు, పైగా గీతలు" అని ఏకరువు పెట్టాను.

"అమ్మేవాడు వెళ్ళిపోయాడుగా, ఇంకెవరికి చెబుతున్నావే?" అన్నాడు తాతయ్య. "తిట్టడం బేరానికి. మనలో మనం నిజం చూసుకోవాలి."

కొట్లోంచి సన్నగళ్ళ లుంగీ ఒకటి తెప్పించి, మేడ మీద గోడకి ముడత లేకుండా బిగించి మేకులు కొట్టించాడు. రెండేసి పోగుల గీతలు, చిన్న చిన్న గళ్ళు. అవి ఫోటోలో దేనికది విడిగా పడితే లెన్సు మంచిదన్నమాట. ఎదురుగా స్టాండు మీద కెమెరా. జూమ్ చివరిదాకా లాగి ఒక ఫోటో, కాస్త తగ్గించి ఒకటి. లెన్సు లోపల వెలుతురు వచ్చే కంతని పూర్తిగా తెరిచి ఒకటి, కొంచెం మూసి ఒకటి. అక్క బటన్ నొక్కిన ప్రతిసారీ ఎవరూ అడక్కుండానే నేను ఊపిరి బిగపట్టాను.

అక్క కడిగి తెచ్చిన ఫిల్మును కిటికీ వెలుగుకి పట్టి, తాతయ్య బట్టలో పోగులు లెక్కపెట్టే భూతద్దంతో చాలాసేపు చూశాడు. తర్వాత ఆ అద్దం నా కంటికి ఆనించాడు. గోరంత ముక్కలో మా లుంగీ మొత్తం ఉంది, తెలుపు నలుపై, నలుపు తెలుపై. మధ్యలో ఏ గీతకా గీత దువ్వినట్టుంది. అంచులకు పోయేకొద్దీ తడిసిన సిరాలా అలుక్కుపోయింది. పూర్తిగా లాగి, కంత పూర్తిగా తెరిచిన ఫోటో అంతటా పాలు ఒలికినట్టే ఉంది.

"అంచు నేత వదులమ్మాయ్, నడిమి బట్ట గట్టిది. అంచు వదులైతే మనం మడిచి లోపలికి కుట్టెయ్యమూ? మీ అమ్మమ్మని మధ్యలో పెట్టుకో. చివరిదాకా లాగబాక. ఆ కంతేదో కాస్త మూసుంచు" అన్నాడు అక్కతో.

శనివారం ఆ మద్రాసు సరుకాయన రాగానే అదే తాతయ్య, "అంచులు చచ్చిన సరుకయ్యా ఇది, నా కొట్లో అయితే మసిగుడ్డకి కూడా వాడం" అని అందుకున్నాడు. పాపం ఆయన ధర దించి, దండం పెట్టి వెళ్ళాడు. నాకు తాతయ్య కాళ్ళకి మొక్కాలనిపించింది.

ఆదివారం ఇసుకలో స్టాండు కదలకుండా పట్టుకోవడం నా వంతు. దూరాన పాస్టరుగారి పక్కన తెల్లచీర ఒక చుక్కలా ఉంది. మునిగింది, లేచింది. అక్క నొక్కింది. నాకేమీ కనబడలేదు.

మధ్యాహ్నం స్టూడియో చీకటి గదిలో, ఎర్రదీపం కింద, పళ్ళెంలోని మందునీళ్ళలో అక్క తెల్లకాగితం ముంచింది. మెల్లగా ఆ నీళ్ళలోంచే అమ్మమ్మ పైకి వచ్చింది. నుదుటి మీద ప్రతి నీటిచుక్కా విడివిడిగా ఉంది. కళ్ళు పెద్దవిగా, పూర్తిగా తెరుచుకుని, ఆకాశాన్ని చూస్తున్నాయి. మూలల్లో జనమంతా దూదిలా కరిగిపోయారు. వంక పెట్టడానికి నోరు తెరిచాను. పుట్టాక మొదటిసారి "బాగుంది" అన్నాను.

ఫోటో చేతికిస్తే అమ్మమ్మ తిప్పితిప్పి చూసి, "నా కళ్ళు ఇట్టా ఉంటయ్యా అమ్మాయ్?" అంది.

మొన్న మా మనవరాలు పిట్టల ఫోటోల కోసమని బెంజ్ సర్కిల్ దగ్గరెక్కడో చవక జూమ్ లెన్సు కొనుక్కొచ్చింది. "దండగ" అనే మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, మావారి గళ్ళ లుంగీ తీసి బాల్కనీ గోడకి బిగించాను. బజార్లో ఇప్పటికీ దేన్నీ మెచ్చుకోను, అది కులవిద్య. గడప దాటి ఇంట్లోకి వచ్చాక మాత్రం, వస్తువునైనా మనిషినైనా ముందు నడిమి నేత చూస్తాను. ఆ లుంగీ కట్టుకునే పెద్దమనిషికి అంచులు ఎంత వదులో నాకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. అయినా ఆయన్ని ఇన్నేళ్ళూ మధ్యలో పెట్టుకునే చూస్తున్నాను. చుక్కకి చుక్క, స్పష్టంగానే కనిపిస్తున్నారు.