కుంచం కొలిచినట్టు కొన్న క్లచ్చు

మొన్న ఆదివారం గాలికొండ మలుపులో కాఫీ కొట్టు దగ్గర కూర్చుని ఉండగా కాలిన వాసన ఒకటి వచ్చింది. పక్కనున్న టూరిస్టులు ఎవరో చికెన్ మాడ్చేశారనుకుని నవ్వుకున్నారు గానీ, కొండదారిలో స్టీరింగు పట్టుకుని బతికిన నాబోటి ముసలాడికి అది క్లచ్ ప్లేటు కాలే వాసనని ఒకరు చెప్పక్కర్లేదు. చూద్దును కదా, అద్దంలా మెరిసిపోతున్న తెల్ల అంబాసిడరు, దాని పక్కన మంచులో కూడా నల్లకళ్ళద్దాలు తియ్యని విశాఖపట్నం పెద్దమనిషి. పాతకార్లంటే ఆయనకి ప్రాణమట, పాత గేర్‌బాక్సు తీయించి ఈమధ్య మోడల్‌ది పెట్టించాడట, క్లచ్ సామాను మాత్రం ఫోనులో బొమ్మ చూసి తెప్పించాడట. "అంచులు సరిగ్గా సరిపోయాయండీ," అన్నాడు, తప్పంతా కొండదే అన్నట్టు. ఆ ఒక్క మాటతో ఏనాడో పోయిన మా బావ లేచొచ్చి నా ఎదుట నిలబడ్డట్టయింది.

మా బావంటే మా అక్క మొగుడు. మైదానం నుంచి అరకు వచ్చి సంతవీధిలో కొట్టు పెట్టి, నాలుగు రాళ్ళు వెనకేసుకుని, ఆ గీరతో ఒక అంబాసిడరు కొని, జీతం తక్కువకి దొరికే డ్రైవరు బావమరిదే కదా అని నన్ను పిలిపించాడు. ఆ కారంటే నాకు ఎంత ఇదిగా ఉండేదో మన తరంవాళ్ళకి తెలుసు, వలిసెపూలు విరగబూసిన చేల మధ్య నుంచి పొద్దున్నే దాన్ని తోలుకుపోతుంటే రాజ్యం నాదే అనిపించేది. దాని యజమానిని తలుచుకుంటే మాత్రం అప్పుడూ కడుపు మండేది, ఇప్పుడూ మండుతుంది.

ఎందుకంటారా, మా బావ దగ్గర రెండు కుంచాలుండేవి. కొండవాళ్ళు తెచ్చిన వలిసెలూ చోళ్ళూ కొలిచి తీసుకోడానికి ఒకటి, వాళ్ళకి బియ్యం, ఉప్పు కొలిచి ఇవ్వడానికి ఒకటి. పైకి రెండూ కవల పిల్లలే. ఎవరైనా అనుమానంగా చూస్తే చాలు, ఒకదాని మీద ఒకటి బోర్లించి, అంచుకి అంచు కలిపి చూపించి, తేడా ఉంటే చెప్పమని దర్జాగా అడిగేవాడు. అంచులో తేడా ఎందుకుంటుంది, ఇచ్చే కుంచం లోపల అడుగుకి పైన ఇంకో రేకు అతికించి ఉంటే? అదేదో గొప్ప విద్య అనుకునేవాడు పాపం. లోకంలో దేన్నైనా అంచు చూసి కొలవచ్చని ఆయన గట్టి నమ్మకం.

కారు గేర్‌బాక్సు అరిచి అరిచి పాడైపోయినప్పుడు మా బావ తుక్కుబజారులో వేరే మోడల్‌ది ఒకటి సంపాదించాడు. గేర్‌బాక్సు మారినప్పుడు క్లచ్ ప్లేటు మధ్యలో ఉండే పళ్ళు కొత్త గేర్‌బాక్సు కడ్డీకి సరిపోవాలి, దాన్ని నొక్కిపట్టే కవరు ఇంజనుకి సరిపోవాలి, కవరు మధ్యలో ఉండే ఇనుప వేళ్ళ ఎత్తు వాటిని నొక్కే బేరింగుకి సరిపోవాలి. ఈ మూడూ కలిపి చూసుకోవాలన్నది నేను తరవాత తెలుసుకున్న సంగతి. ప్లేటు పళ్ళయితే సరిపోయాయి. కవరు దగ్గరకొచ్చేసరికి మా బావ షాపులో పాతదాని మీద కొత్తది బోర్లించి, అచ్చం కుంచాలు పెట్టినట్టే అంచుకి అంచు కలిపి, రెండూ ఒకటేనని తేల్చేశాడు. బేరింగు కూడా తెచ్చి పెట్టి చూడరాదా అని షాపువాడు అంటే, కొలతల్లో నాకు చెప్పేవాడివా అని కసిరాడట. బిగించడానికి పైకొచ్చిన మేస్త్రీ కూడా ఆయనకి తగ్గవాడే, కోడికూర తిని, బోల్టులు బిగించి, బేగి బస్సెక్కి పోయాడు. లోయలో చదును రోడ్డు మీద బండి బాగానే నడిచింది. మా బావ అయితే వీధిలో ఆగిన ప్రతివాడికీ బానెట్ ఎత్తి చూపించాడు.

అప్పటికి మా అక్క నిండు నెలలతో ఉంది. నొప్పులు మొదలై అనంతగిరి ఆసుపత్రికి పోదామంటే పొద్దుటి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. కారుండగా బస్సెందుకని బావ నవ్వాడు, దారిలో డోలీ కట్టుకుని ఎవరినో మోసుకుపోతున్న కొండవాళ్ళని చూపించి, వీళ్ళ బతుకులింతే అని వెక్కిరించాడు కూడా. సుంకరమెట్ట దాటి ఎక్కుడు అందుకోగానే ఇంజను గోల పెట్టింది, బండి కదలనంది. నేను పెడల్ మీంచి కాలు పూర్తిగా తీసేసినా, కొత్త కవరు వేళ్ళు ఎత్తుగా ఉండడంతో బేరింగు వాటిని సగం నొక్కుతూనే ఉంది, ప్లేటు పట్టు దొరక్క జారి జారి కాలిపోయింది. పొగ వచ్చింది, బండి ఆగింది. వెనకసీట్లో అక్క నా చొక్కా కాలరు పట్టుకుని, బిడ్డ పోతుందిరా అంటూ ఏడ్చింది. బావ రోడ్డు మీద నిలబడి బానెట్‌ని కాలితో తన్నాడు. ఆయన చేసిన పని అదొక్కటే.

సుంకరమెట్ట సంత నుంచి తిరిగిపోతున్న కొండవాళ్ళు అటే వచ్చారు. ప్రతివారం మా కొట్టుకొచ్చేవాళ్ళే, ముందు నడుస్తున్న ముసలామె అయితే బియ్యం తీసుకునేటప్పుడల్లా కుంచంలోకి తొంగిచూసి ఏమీ అనకుండా వెళ్ళిపోయేది. వాళ్ళలో ఒకతను బావని చూసి ఆగిపోయాడు, తక్కినవాళ్ళూ ఆగారు. ముసలామె కారులోకి వంగి అక్క పొట్ట మీద చెయ్యి వేసి చూసి, వాళ్ళవైపు తిరిగింది.

"ఎత్తండ్రా, బేగి. కుంచం సంగతి సంతలో సూసుకుందాం."

వాళ్ళు దుప్పటీ, వెదురుబొంగూ కట్టి, అడ్డదారిన కొండ దాటించి, భుజాలు మార్చుకుంటూ అనంతగిరి ఆసుపత్రిదాకా మోశారు. ఒక భుజం నేనూ పట్టాను. బావ వెనకాల తన చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. ఆ సాయంత్రం నా మేనకోడలు పుట్టింది. తల్లీబిడ్డా దక్కారు.

కుంచం సంగతేమిట్రా అని అక్క నన్ను మంచం మీద నుంచే అడిగింది, అంతవరకూ తనకి నిజంగా తెలియదు. చెప్పాను. పురుడు వెళ్ళాక వచ్చిన మొదటి సంతనాడు చంటిదాన్ని నా చేతికిచ్చి, కొట్టులోకి వెళ్ళి, అందరూ చూస్తుండగా గునపంతో ఆ దొంగ అడుగు పొడిచేసింది. బావ తరవాతి సంతకి దొంగ అడుగుతోనే ఇంకో కుంచం చేయించుకొచ్చాడు. అక్కడితో నేను ఆ కారు తాళాలు గల్లాపెట్టె మీద పడేసి జీపు నడుపుకోడానికి పోయాను. అక్క మాత్రం ఎక్కడికి పోతుంది? ఆ ఇంట్లోనే ఉండిపోయింది గానీ, తను చనిపోయేవరకూ ఆ కొట్టు గడప తొక్కలేదు.

మొన్న ఆ నల్లకళ్ళద్దాలాయన కారుని మోసుకుపోయే లారీ కోసం ఎదురుచూస్తూ దాని ముందు ఫోటోలు దిగాడు. కవరు అంచు కాదు, వేళ్ళ ఎత్తు చూసుకోమని చెప్పాను, అమ్మినవాడికి ఫోనులో తక్కువ మార్కులేశానన్నాడు. పోనీలెండి, అదీ ఒక తెలివే. ఇప్పుడు సంతల్లో కుంచాలు లేవు, కరెంటు కాటాలొచ్చాయి, తారు రోడ్డు మీద అంబులెన్సు తిరుగుతోంది, మంచిదే. ఆ రోడ్డు దిగి లోపలి ఊళ్ళకి పోతే మాత్రం నిండు చూలాలికి ఇంకా డోలీయే గతి. ఇన్నేళ్ళుగా చూస్తున్నాను, వాళ్ళ ఆడవాళ్ళని మోసే డోలీ కింద మన సంతవీధివాడి భుజం ఒక్కటీ నాకు కనబడలేదు.