జీరో పరశురాం

పరశురాం ఏ వస్తువును చూసినా మొదట అడిగేది ఒకటే: "ఇది ఎంత జాగల తిరుగుతది?" రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ వాళ్లు నడిపిన జీరో విమానమంటే అతనికి పిచ్చి. అంత చిన్న మలుపులో అంత చురుగ్గా తిరిగే విమానం మళ్లీ పుట్టలేదంటాడు. బహ్రెయిన్‌లో తానుండే కార్మికుల క్యాంపు బస్సయినా, పెనం మీద చపాతీ అయినా జీరోతో పోటీపడి ఓడిపోవాల్సిందే.

ఒకసారి తను పనిచేసే సల్మాబాద్ గోదాములో ఫోర్క్‌లిఫ్టును గిర్రున తిప్పాడు. మీదున్న టైల్స్ పెట్టె కిందపడి పిండైంది. "క్యా కియా, భాయ్!" అని ఫోర్‌మన్ నెత్తి పట్టుకున్నాడు. "జీరో అయితే పడకపోవు సార్" అన్నాడు పరశురాం. ఆ వారమంతా అతని చేతికి చీపురే ఇచ్చారు.

క్యాంపు గదిలో అతని పక్క మంచం దేవన్నది. నాలుగేళ్లుగా ఆ పురాణం విని దేవన్న చెవులు చిల్లులు పడ్డాయి.

"దాని ఎంబడి తిరగబోయినోడు బతికి బట్టకట్టలే, దేవన్నా!"

"తిరుగుడు సరే తమ్మీ, తేలిగ్గుండాలని దానికి కవచమే పెట్టకపాయిరి. గుండు తగిల్తె కాలిపోతదట గద?"

"నీకేం ఎరుక!" అని పరశురాం గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ ఒక్కటి మాత్రం ఒప్పుకునేవాడు కాదు.

దేవన్న బాధ వేరు. బహ్రెయిన్ వచ్చేటప్పుడు విమానం కుదిపిన కుదుపుకు అతని గుండె జారిపోయింది. అప్పట్నుంచి ఎన్ని సెలవులు దొరికినా ఇంటి మొహం చూడలేదు. ఇప్పుడు మనుమరాలిని ఉయ్యాలలో వేసే తొట్టెల పండుగ. "ఈసారన్న రాకుంటె, రేపు పిల్ల నిన్ను ఫోన్ల ఉండే తాతనుకుంటది" అంది భార్య ముత్తెమ్మ. దేవన్న టికెట్టు తీసుకున్నాడు, కానీ ప్రయాణం రేపనగా జ్వరం తెచ్చుకున్నాడు.

"లే, నేనూ వస్తున్న" అన్నాడు పరశురాం.

"నువ్వు పోయేది దసరాకు గద?"

"సెలవు ముందుకు జరుపుకున్న."

విమానం లేచి సముద్రం మీద పక్కకు ఒరిగింది. దేవన్న ప్రాణాలు అరచేతిలోకి వచ్చాయి. సరిగ్గా అప్పుడే పరశురాం జీరో కథ ఎత్తుకున్నాడు, అదీ పెద్ద గొంతుతో. దేవన్నకు భయం పోయి మండుకొచ్చింది. వాదన మొదలై హైదరాబాద్ దగ్గరపడినా తెగలేదు. ఇద్దరూ తిండి కూడా ముట్టలేదు.

"ఆ యుద్ధం అయిపోయి ఎన్నేళ్లయిందో! ఇంక ఆపండి నాయనా" అంది ముందు సీటావిడ.

"కాలిపోతదా, కాలిపోదా? ఒక్కటే మాట చెప్పు!" అన్నాడు దేవన్న.

"కాలిపోతది" అన్నాడు పరశురాం.

దేవన్న నోరు తెరిచాడు. చక్రాలు ధన్‌మని హైదరాబాద్ నేలను తాకాయి. అప్పుడు గానీ అతను పక్కకు తిరిగి సరిగ్గా చూడలేదు. పరశురాం కళ్లు గట్టిగా మూసుకుని, చెమటతో తడిసి, సీటు చేతులను పీకేలా పట్టుకుని ఉన్నాడు.

"నీకు గూడ భయమేనా?"

"చచ్చేంత."

"మరెందుకు వస్తివి?"

"నువ్వొక్కనివి ఎట్ల వస్తవు?"

దేవన్నకు అతను ముద్దొచ్చాడు. వంగి అతని సీటు బెల్టు తనే విప్పాడు.

"పా తమ్మీ, మా ఇంటికి. పిల్ల తొట్టెల ముందుగాల నువ్వే ఊపాలె."

"మెల్లగ ఊపుత" అన్నాడు పరశురాం, కళ్లు ఇంకా తెరవకుండానే.