ఎడమ భుజం కొలత

నిప్పు ఎప్పుడు పుట్టిందో, చక్రం మొదట ఎవరు తిప్పారో అని పండితులు కొట్టుకు చస్తున్నారు గానీ, ఆ వీధి టైలరు మాస్టారు కొలతలను గొంతెత్తి చదవడం ఏనాడు మొదలుపెట్టారో తేల్చే నాథుడు ఇంతవరకు పుట్టలేదు. చరిత్రకు ఇది తీరని లోటు. ఎందుకంటే, బ్యాంకు మేనేజరు నడుం నలభై రెండు దాటిన సంగతి ఆయన భార్యకన్నా ముందు ఎదుటి మందుల షాపుకు తెలిసింది ఆ గొంతు పుణ్యమా అనే. లెక్కల మాస్టారి ఛాతీ ఏటా తగ్గుతోందని వీధి వీధంతా బెంగపడింది కూడా అందువల్లే. మాస్టారు టేపు పట్టి "ఛాతీ నలభై!" అని కేక వేయడం, లోపల గుండీలు కుడుతున్న భార్య సూది పక్కన పెట్టి పుస్తకంలో రాసుకోవడం ముప్పై ఏళ్ళుగా అక్కడ అమల్లో ఉన్న రాజ్యాంగం.

"కాస్త మెల్లగా చెప్పకూడదుటండీ? పెద్దమనిషి సిగ్గుతో చచ్చిపోతున్నాడు," అనేది ఆవిడ.

"నడుం ఆయనది. సిగ్గు నాకెందుకు?" అనేవారు మాస్టారు.

ఈ రాజ్యాంగంలో ఒకే ఒక్క మినహాయింపు ఉండేది. వీధి చివరింట్లో ఉండే నర్సు గారి కూతురు. పుట్టుకతోనే వెన్ను ఒక పక్కకు ఒంగి, ఆ పిల్ల ఎడమ భుజం కుడిదానికంటే కిందికి ఉండేది. పదేళ్ళ వయసులో తల్లి వేలు పట్టుకుని మొదటిసారి కొట్టుకు వచ్చినప్పుడు, మాస్టారు టేపు తీశారు, పిల్లను చూశారు, టేపు మళ్ళీ మెడలో వేసుకున్నారు.

"కొలతలెందుకమ్మా, పాత గౌనొకటి పంపండి చాలు," అన్నారు తల్లితో. తర్వాత గొంతు తగ్గించి, "కాస్త వదులుగా కుడతాను. ఇలాంటి పిల్లలకి వదులే అందం," అన్నారు. పిల్ల చెవులు తల్లి చెవులకన్నా దగ్గరలోనే ఉన్నాయని ఆయనకు తోచలేదు.

అది మొదలు పధ్నాలుగేళ్ళు ఆమెకు కంటి కొలతతోనే కుట్టారు. ఏ రంగు గుండీలు కావాలో, మెడ ఎంత దించాలో తల్లిని అడిగేవారు. పక్కనే నిలబడ్డ పిల్లను ఏమీ అడగకుండా తల నిమిరేవారు. దీన్ని తన జీవితంలోని మహత్కార్యాల్లో ఒకటిగా ఆయన భావించేవారు. "అందరి ఒళ్ళూ అరిచి చెప్పే నేను, ఆ పిల్ల దగ్గర నోరు మెదపను. దేనికైనా మనసుండాలి," అని కొట్టుకు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు, అదీ గొంతెత్తే.

ఆ పిల్ల లాయరు చదువు చదివింది. ఒక బుధవారం నల్లగుడ్డ చంకన పెట్టుకుని ఒక్కతే కొట్టుకు వచ్చింది.

"బాబాయ్, సోమవారం నుంచి కోర్టుకెళ్ళాలి. శనివారానికి కోటు కుట్టి ఇస్తారా?"

"శుభం తల్లీ! పాత చొక్కా ఏదైనా..."

"పాతవి వద్దు. కొలవండి."

ప్యాంట్ల కోసం బల్ల మీద కాచుకుని ఉన్న ఇద్దరు తలలెత్తారు. మాస్టారి చెయ్యి టేపు దాకా వెళ్ళి ఆగింది.

"నీకు కొలతలేమిటమ్మా, నా కళ్ళు చాలవూ? పధ్నాలుగేళ్ళుగా కుట్టడం లేదూ?"

"ఆ పధ్నాలుగేళ్ళూ మీరు కుట్టినవన్నీ మా అమ్మ ఇంటికి తీసుకెళ్ళి విప్పి, మళ్ళీ కుట్టేది బాబాయ్. చెయ్యెత్తితే మెడ దగ్గర బిగుసుకుపోయేవి. మీకు చెబుదామంటే వద్దనేది. పాపం మంచి మనసుతో చేస్తున్నారు, బాధపడతారు అనేది."

జాలి అనేది తన కొట్టు నుంచి బయటికి పోయే సరుకని మాస్టారి నమ్మకం. అది ఇన్నేళ్ళుగా ఎదురు దారిలో తన కొట్టుకే వస్తోందని ఇప్పుడు తెలిసింది. టేపు పెట్టి, "ఎడమ భుజం..." అని గొణిగారు.

"లోపలున్న పిన్నికి వినబడదు. మేనేజరు గారికి అరిచినట్టు అరవండి."

"ఎడమ భుజం దిగుడు... అంగుళన్నర!"

"రాశాను. తర్వాత?" అంది లోపల్నుంచి పిన్ని, నలభై రెండు నడుం రాసుకున్నంత మామూలుగా. ఆకాశం విరిగి పడలేదు. బల్ల మీది ఇద్దరూ మళ్ళీ పేపర్లో తలలు దూర్చారు.

తాను మారిపోయానని మాస్టారికి ఆ రాత్రే నమ్మకం కుదిరింది. శుక్రవారం కోటు తయారైంది. తగిలించి చూస్తే ఎడమ భుజం కిందికి ఉంది. ఉండాలి మరి, అలాగే కత్తిరించారు. కానీ ముప్పై ఏళ్ళుగా భుజాలు సమం చేసిన చెయ్యి ఊరుకుంటుందా? కోర్టంటే పదిమంది చూసే చోటు. పైగా పిల్లకు మొదటి రోజు. కోటు లోపలి అస్తరు గుడ్డ విప్పి, ఎడమ భుజం కింద రెండు వేళ్ళ మందాన దూది పెట్టారు.

"ఆ అమ్మాయి అడిగిందా?" అంది భార్య.

"నోరు రాక అడగలేదు. ఇలాంటివి మనమే కనిపెట్టి చెయ్యాలి."

"మీరు కనిపెట్టింది చాలు గానీ, తీసెయ్యండి."

"నీకు కాజాలు తెలుసు. కోటు గురించి నీకేం తెలుసు?"

శనివారం ఆమె కోటు తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. రెండు భుజాలూ గీత గీసినట్టు సమంగా ఉన్నాయి. మెచ్చుకోలు కోసం మాస్టారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆమె ఎడమ చెయ్యి ఎత్తింది. కోటు చెవి దాకా లేచింది.

"ఇదెవరి కోటు బాబాయ్?"

"నీదేనమ్మా."

"కొలతలు నావే. భుజం మాత్రం నాది కాదు."

"చూడ్డానికి బాగుంటుందని..."

"ఎవరు చూడ్డానికి?"

ఆమె గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే ఏదో ఒక సమాధానం చెప్పుకునేవారు. "గంటలో తీసేస్తానమ్మా, ఇలా ఇవ్వు," అన్నారు. "వద్దులెండి బాబాయ్," అని ఆమె కోటు మడతపెట్టుకుని వెళ్ళిపోయింది. సోమవారం తన సీనియరు లాయరు పాత కోటు, అది మోకాళ్ళ దాకా వేలాడుతున్నా, వేసుకుని కోర్టుకు వెళ్ళిందని తెలిసింది.

'మనసుండాలి' అన్న మాట ఆ కొట్టులో మళ్ళీ వినబడలేదు. 'తప్పయిందమ్మా' అనేది ఒక్క ముక్క. దానికి ఆయన తనలో తాను వేసుకున్నన్ని ట్రయళ్ళు ఏ కోటుకూ వేయలేదు. వీధి చివరింటి దాకా రెండుసార్లు వెళ్ళారు. రెండుసార్లూ గేటు చూసి వచ్చారు.

నాలుగు నెలల తర్వాత ఆమే బస్టాపులో ఎదురుపడింది. ఒంటి మీద కొత్త నల్లకోటు. ఎడమ భుజం ఉన్నచోటే ఉంది. దాని మీద గుడ్డ ముడత లేకుండా కూర్చుంది. బస్సు ఆపడానికి ఆమె ఎడమ చెయ్యి ఎత్తింది. కోటు కదలలేదు.

"బాగున్నారా బాబాయ్? పిన్ని ఎలా ఉంది?"

నాలుగు నెలల ముక్క నాలుక చివరి దాకా వచ్చింది. బయటికి మాత్రం వేరొకటి వచ్చింది.

"చంక దగ్గర పట్టడం లేదు కదమ్మా?"

"లేదు బాబాయ్."

"ఎవరు కుట్టారు? పెద్ద మాస్టరెవరో అయ్యుంటాడు."

"బస్టాండు వెనక ఒకావిడ," అని చెప్పి ఆమె బస్సెక్కింది.

మాస్టారు ఆ సాయంత్రమే వెళ్ళి చూసి వచ్చారు. బస్టాండు వెనక ఒక చిన్న గది, అందులో ఒక కుట్టుమిషను. ఆవిడ దిండు గలీబులు కుడుతుంది, దుప్పట్లకు అంచులు వేస్తుంది. భుజం అంత బాగా ఎలా కుదిరిందని అడిగితే, "తెలియనివన్నీ ఆ అమ్మాయినే అడిగి కుట్టానండీ," అంది. కోటు కుట్టడం ఆవిడకు అదే మొదటిసారి.