శిరీష లాప్‌టాప్‌లో దూరిన హ్యాకర్

పోయిన నెల మంచు పడి ఆఫీసులన్నీ మూసేశారే, ఆ రోజు నేను ఒక హ్యాకర్‌ని పట్టుకున్నాను. నవ్వకండి, నిజంగానే! పట్టుకున్నాక ఏం చెయ్యాలో తోచక వదిలేశాననుకోండి, అది వేరే సంగతి.

అరోరాలో ఉండే శిరీష తెలుసుగా, వరంగల్ అమ్మాయి. పెళ్ళయి అమెరికా వచ్చినప్పట్నించీ ఇంట్లోనే. ఈమధ్యే వర్క్ పర్మిట్ వచ్చింది. పంపిన అప్లికేషన్లన్నీ ఏ గాలికి పోయాయో గానీ, చివరికి ఒక డెంటల్ క్లినిక్ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచారు. హెల్ప్ డెస్క్ ఉద్యోగం. వాళ్ళ స్టాఫ్‌లో ఎవరి కంప్యూటర్ మొరాయించినా ఫోన్‌లో దారి చెప్పాలి. రోడ్లు బాగాలేవు కాబట్టి వీడియోలో చేసేద్దాం అన్నారు.

ఆ లాప్‌టాప్ దగ్గరుండి కొనిపించింది నేనే. మన ఫ్రెండ్స్‌లో ఎవరు ఏ లాప్‌టాప్ కొనాలన్నా నన్నేగా అడుగుతారు! "లతా, నీకెట్లుందో అచ్చం అట్లనే పెట్టియ్యవే. ఏమన్న డౌటొస్తే ఫోన్ల చెప్పనీకి నీక్కూడ ఈజీ" అంది. సరేనని నాదే మోడల్ కొనిపించి, నాకున్న కొండల బొమ్మే పెట్టి, ఐకాన్లు కూడా నా వరసలోనే సర్దిచ్చాను.

ఇంటర్వ్యూకి ఇంకో అరగంట ఉందనగా ఫోన్. "మైక్ పని చేస్తలేదే! నా మాట వాళ్ళకి ఇనబడకపోతే ఎట్ల?" ఒకటే కంగారు. "నేనున్నాగా" అని, స్క్రీన్ షేర్ చేయించుకుని, నా ఇంట్లోంచే ఆమె లాప్‌టాప్‌లోకి వెళ్ళాను. మైక్ మ్యూట్‌లో ఉంది, అంతే. ఒక్క క్లిక్! "అయిపోయింది, కట్ చేసేశా. ఆల్ ది బెస్ట్!" అని ఫోన్ పెట్టేసి, వంటింట్లోకెళ్ళి కాఫీ తెచ్చుకున్నాను. మా అమ్మ సోఫాలో కూర్చుని కిటికీలోంచి మంచు చూస్తోంది.

లాప్‌టాప్ ముందు కూర్చుని మెయిల్ చూద్దామని ఇలా మౌస్ కదిపానో లేదో, మళ్ళీ శిరీష.

"లతా, మౌస్ దానంతట అదే కదుల్తుందే! నేను ముట్టనే లేదు!"

"ఏం ముట్టుకోకు! చూస్తానుండు" అని బ్రౌజర్ తెరిచాను.

"అయ్యో, బ్రౌజర్ తెరుస్తున్నడే!"

నేను గబగబా 'మౌస్ మూవింగ్ బై ఇట్‌సెల్ఫ్' అని కొట్టాను.

"టైప్ చేస్తున్నడు! 'మౌస్ మూవింగ్ బై ఇట్‌సెల్ఫ్' అంట! మనం మాట్లాడేది ఇంటున్నడే వాడు!"

మైక్! ఇప్పుడేగా నా చేత్తో నేనే ఆన్ చేసింది! "శిరీషా, ఇక మాట్లాడకు. మైక్‌లోంచి వింటున్నాడు" అని గుసగుసగా చెప్పాను. ఇద్దరం ఫోన్లు చెవి దగ్గరే పెట్టుకుని స్క్రీన్ వైపే చూస్తున్నాం.

అప్పుడు నా కళ్ళ ముందే, నా చెయ్యి కప్పు మీదుండగా, నా మౌస్ కదిలింది!

కాఫీ ఒలికింది. హ్యాకర్ మా ఇంటిక్కూడా వచ్చేశాడు! "ఏంటే, ఏమైంది?" అంది అమ్మ. "దొంగ" అన్నాను, పెదాలు మాత్రమే కదిపి. అమ్మ గబుక్కున వెళ్ళి వీధి తలుపు తాళం వేసొచ్చింది. ఇంటర్నెట్‌లో ఉన్నాడమ్మా అంటే, "ఉండనీ, లోపలికి రాకూడదుగా" అంది.

ఇంతలో స్క్రీన్ మీద నోట్‌ప్యాడ్ తెరుచుకుంది. ఒక్కొక్క అక్షరమే పడుతోంది. 'హూ ఆర్ యూ?'

ఎంత పొగరు! నా లాప్‌టాప్‌లో దూరి నన్నే ఎవరని అడుగుతాడా? 'ముందు నువ్వు చెప్పు' అని ఇంగ్లీషులో కొట్టాను. దాని కింద మళ్ళీ అక్షరాలు పడ్డాయి. 'ప్లీజ్ వెళ్ళిపోండి. నాకు ఇంటర్వ్యూ ఉంది.'

ఒక్క క్షణం జాలేసింది. పాపం, హ్యాకర్‌కి కూడా ఇవాళే ఇంటర్వ్యూనా! అయినా మనసు గట్టి చేసుకుని, 'పోలీసులకి ఫోన్ చేస్తున్నా' అని పెద్దక్షరాల్లో కొట్టాను.

ఫోన్‌లోంచి కెవ్వుమని కేక. "లతా! పోలీసులకి చెప్తడంట! నేనేం చేసిన్నే!"

నా చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. మెల్లగా తలెత్తి చూశాను. కొండల బొమ్మ నాదే. ఐకాన్ల వరస నాదే. కానీ మూలన ఉన్న ఫోల్డర్ పేరు 'శిరీష రెజ్యూమె'. నేను కట్ చేసింది ఫోన్ ఒక్కటే! ఇంతసేపూ ఆమె లాప్‌టాప్‌లోనే ఉన్నాను.

"శిరీషా..." అన్నాను.

"ఏందే?"

"పోలీసులు రారులే."

సంగతి చెప్పేలోపే స్క్రీన్ మీద వీడియో కాల్ మోగింది. ఇంటర్వ్యూ! ఆమె ఎత్తడానికి మౌస్ అటు లాగుతోంది, నేను బయటపడదామని ఇటు లాగుతున్నాను. బాణం గుర్తు మధ్యలో గింగిరాలు తిరుగుతోంది. కనిపించిన ఎర్ర బటన్ నొక్కేశాను. మోత ఆగింది. కాల్ కట్!

"లతా," శిరీష గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది, "అది నువ్వు కాదని చెప్పు."

నేను మా ఇంట్లోని ఇంటర్నెట్ డబ్బా వైరే పీకేశాను. ఆ తర్వాత ఆమె దగ్గర్నించి ఫోన్ లేదు. నేను చేసే ధైర్యం లేదు. ఆ పిల్ల ఇన్నేళ్ళుగా ఎదురుచూసిన ఉద్యోగం నా వేలి కింద నలిగిపోయిందని గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాను. అమ్మ పెట్టిన అన్నం కూడా సహించలేదు.

మధ్యాహ్నం ఎప్పటికో శిరీష ఫోన్ చేసింది. తనే వాళ్ళకి తిరిగి కాల్ చేసిందట. అంతా బాగానే సాగుతుండగా, ఒక మెయిల్ రాసి చూపించమని స్క్రీన్ షేర్ చేయమన్నాడట మేనేజర్. షేర్ చేస్తే ఏముంటుంది? మా నోట్‌ప్యాడ్! పోలీసులతో సహా! ఆయన పైకే చదివి, ఏంటమ్మా ఇది అన్నాడట. శిరీష ఏదీ దాచకుండా మొత్తం చెప్పేసిందట. "ఇట్లాంటి కాల్ మీకొస్తే ముందు ఏం అడుగుతారు?" అన్నాడట. "ఇంకా ఎవరన్నా కనెక్టయ్యి ఉన్నరా అని అడుగుత" అందట. ఆయన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకుని మరీ నవ్వాడట. నాలుగు రోజులకి ఆఫర్ వచ్చింది!

ఇప్పుడు మనవాళ్ళందరూ కంప్యూటర్ డౌట్లకి ఆమెకే ఫోన్ చేస్తున్నారు. నిన్న నేనూ చేశాను, లాప్‌టాప్ స్లో అయిందని.

"సరే గానీ, ముందుగాల ఒకటి చెప్పు," అంది శిరీష, "ఇప్పుడు నువ్వు చూస్తున్నది నీ లాప్‌టాపేనా?"

నేను వెంటనే అవునని అనలేదండీ. ఒకసారి చూసుకుని చెప్పాను.