కుడికాలి కింద బ్రేకు

పుంగనూరులో నాతోపాటు పనిచేసిన సైన్సు మాస్టారికి స్కూటరు కూడా లేదు. కానీ తొంభైల చివర్లో, పేపర్లో ఏదైనా సూపర్‌కారు బొమ్మ పడితే చాలు, స్టాఫ్‌రూములో వాదనంతా ఆయన చుట్టూనే సాగేది.

"మున్నూరు కిలోమీటర్ల స్పీడంట సార్! దీన్ని మించిన కారు యాడుండాది?" అనేవాడు డ్రిల్లు మాస్టరు.

"పోయేది సరేప్పా. అడ్డమొస్తే నిలబడతాదా? యాడంటే ఆడ నిలబడేదే గొప్ప కారు."

అంటూనే, అక్కడేదో బ్రేకు ఉన్నట్టు, కుడికాలితో నేలను గట్టిగా అదిమేవారు. మేం నవ్వేవాళ్లం. ఆయన నవ్వేవారు కాదు.

ఒకసారి తోటి టీచరు పెళ్లికని అద్దె జీపులో కుప్పం బయల్దేరాం. మాస్టారు డ్రైవరు పక్కనే కూర్చున్నారు.

"బ్రేకులు సూసినావాప్పా?"

"సూసినా సార్, బాగుండాయి."

ఒక పల్లం దిగుతుంటే గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. డ్రైవరు ఎంత తొక్కినా బ్రేకు పడలేదు. పక్కన మాస్టారి కాలు కూడా జీపు అడుగు రేకును తొక్కుతూనే ఉంది. ఆఖరి క్షణంలో డ్రైవరు జీపును ఇసుక కుప్పలోకి తిప్పాడు. ఎవరికీ ఏమీ కాలేదు.

మేమంతా దిగి డ్రైవరు మీద అరవడం మొదలుపెట్టాం. అతను బిగించి పట్టుకున్న స్టీరింగు వదల్లేకపోతున్నాడు. మాస్టారు అతని వేళ్లు మెల్లగా విడిపించి, "అందురూ బాగుండారప్పా. దిగు, రోంత నీళ్లు తాగు" అన్నారు.

మేం బస్సెక్కి వెళ్లిపోయాం. మాస్టారు మాతో రాలేదు, డ్రైవరు దగ్గరే ఉండిపోయారు. ఏమైందోనని పెళ్లిలో అందరం వాకిలి వైపే చూస్తూ కూర్చున్నాం. భోజనాలు ముగుస్తుండగా వచ్చారు, ఆ డ్రైవరు భుజం మీద చెయ్యి వేసుకుని.

"ఇద్దరికి ఆకులెయ్యండప్పా" అన్నారు.