కారు కరెంటుతో పాలు పొంగించాం

కాలిఫోర్నియా కొండల్లో ఇల్లు కొనుక్కున్నప్పుడు మా ఆవిడ కోరింది ఒక్కటే. ముహూర్తం దాటకుండా సొంత వంటింట్లో పాలు పొంగాలి. అన్ని అద్దె ఇళ్లు మారాక ఆ మాత్రం కోరిక ఉండదా? సరిగ్గా గృహప్రవేశం రోజు పొద్దున్నే కరెంటు కంపెనీ మెసేజ్ పెట్టింది. గాలులకు తీగలు తెగితే అడవి అంటుకుంటుందట, ముందుజాగ్రత్తగా సరఫరా ఆపేస్తున్నారట. అన్నంత పనీ చేశారు. మాదేమో కరెంటు స్టవ్వు. బయట చూస్తే ఆకు కూడా కదలడం లేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

చిన్న గ్యాస్ స్టవ్ కోసం కొండ దిగి షాపుకి పరిగెత్తాను. స్టవ్వు కళ్లెదుటే ఉంది. కరెంటు లేదు కాబట్టి బిల్లు కొట్టలేమన్నారు. ఉత్త చేతులతో తిరిగొచ్చేసరికి పంతులుగారు పెరట్లో ఇటుకలు పేరుస్తున్నారు.

“నాలుగు పుల్లలు చాలు నాయనా, ఇట్టే పొంగుతాయి.”

“మీకు దండం పెడతాను పంతులుగారూ! ఇక్కడ నిప్పు రాజేస్తే పాలకంటే ముందు ఫైరింజన్లు వస్తాయి.”

వచ్చినవాళ్లంతా సాఫ్ట్‌వేర్ వాళ్లే. “బ్యాకప్ ప్లాన్ లేకుండా ఫంక్షన్ ఎలా షెడ్యూల్ చేశారండీ?” అన్నాడొకాయన. మా ఆవిడ పట్టుచీరలో, పాలగిన్నెతో, వెలగని స్టవ్వు ముందు అలాగే నిలబడి ఉంది. ఆ ముఖం చూస్తే భయమేసింది.

ఆమె స్నేహితురాలికే ఉపాయం తట్టింది. “నా ఎలక్ట్రిక్ కార్‌లో ప్లగ్ పాయింట్ ఉంది కదే! రైస్ కుక్కర్ ఏ బాక్స్‌లో ప్యాక్ చేశావ్?”

కారుని కిటికీ దాకా తెచ్చి, వంటింట్లోకి వైరు లాగాం. పంతులుగారు కారుకి బొట్టు పెట్టారు. కుక్కర్‌కీ పెట్టారు. కాసేపు ఆలోచించి, వైరుకి అక్కర్లేదన్నారు. పాలు కుక్కర్‌లో పోసి, అందరం దాని చుట్టూ మూగాం. ముహూర్తం దాటిపోతుందేమోనని పంతులుగారు వాచీ వంక చూస్తూ మంత్రం వేగం పెంచారు.

పాలు అంచుదాకా లేచి, పొర్లి, గట్టు మీంచి నేల మీదికి కారాయి. అద్దె ఇళ్లలో ఎప్పుడు పాలు పొంగినా ఓనరు గొడవ చేస్తాడని తుడవడానికి పరుగులు తీసేవాళ్లం. ఆ అలవాటు కొద్దీ గుడ్డ తీసుకుని వంగాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. కళ్లనిండా నీళ్లు, అయినా నవ్వుతోంది.

“ఉండనివ్వండి, మన ఇల్లే కదా.”