ఊద దాచుకోని చోటు

పరిణామ సిద్ధాంతంతో మా తమ్ముడి విత్తన వరి పొలాన్ని నేనొక్కడినే కాపాడాను. హుజూరాబాద్ చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు.

సరే, ఎవరినీ అడగకండి. జరిగింది నేనే చెబుతాను.

తెల్లారితే విత్తన కంపెనీ మనిషి తనిఖీకి రావాలి. వరిలో ఊద గడ్డి కనిపిస్తే పొలం ఫెయిలు. విత్తనంగా పోవాల్సిన పంట మామూలు వడ్లలో కలిసిపోతుంది. ఇంకా ఈని కంకి వేయలేదు కనుక ఊద అచ్చం వరిలాగే ఉంది. కలుపు తీసేవాళ్లు రెండుసార్లు తిరిగినా తమ్ముడికి గుబులు తీరలేదు. నేను గట్టు మీద కూర్చుని, బడిలో సైన్సు చెప్పిన గొంతుతో మొదలుపెట్టాను. వరిలా లేని ఊదను తాతల కాలం నుంచీ పీకేస్తున్నాం, పోలిక ఉన్నదే బతికి గింజ రాల్చింది, మన చేతులే దాన్ని ఇలా తయారుచేశాయి అని.

"గది అయిపోయిన ముచ్చటనే అన్నా," అన్నాడు తమ్ముడు. "రేపటికి పనికొచ్చేది ఏమన్న చెప్తదా నీ సిద్ధాంతం? వాన పడ్డంక వాన పడ్డదని చెప్పుడేనా?"

రోషం వచ్చింది. "చెప్తది. మన కండ్లు పడే కాడనే అది వేషం మార్చింది. ఎత్తు, రంగు, ఆకు. మనం చూడని కాడ మారే పనేంది దానికి? గక్కడ దొరుకుతది."

"గా జాగేదో చెప్పు మరి."

ఏదో ఒక చోటు చెప్పాను, తమ్ముడు మడిలోకి దిగాడు. అదేమిటో ఇప్పుడెందుకు లెండి.

కలుపు తీసేవాళ్లలో పెద్దామె అంతా వింటూ ఉంది. రెండు మొక్కలు పట్టుకుని, ఆకు కాడను కలిసే కీలు దగ్గర వేలితో విప్పి చూపింది. ఒకదానికి అక్కడ చిన్న నాలుకలా తెల్లని పొర. రెండోదానికి ఏమీ లేదు, నున్నగా ఉంది. అది ఊద.

"మా అవ్వ చూపెట్టింది. ఒక్కొక్క కీలు చూసుకుంట పోతే పొద్దు సాలదని ఎవ్వరం చూడం," అంది.

ఆ సాయంత్రానికి రెండు మోపుల ఊద ఏరారు. కాబట్టి 'నేనొక్కడినే' అన్నది సాగదీసిన మాటే. దాగని చోటు ఒకటుంటుందని సిద్ధాంతం చెప్పింది. అదెక్కడో ఆమె చెప్పింది.

మర్నాడు కంపెనీ మనిషి మడి మడీ తిరిగి, పాసని రాసి సంతకం పెట్టి బండెక్కాడు. తమ్ముడు గట్టు మీదే కూలబడి రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. నాకూ అప్పుడే ఊపిరాడింది. ఆ ఊపులో నోరు జారాను. "చూసినవా! కీలు కాడ చూడుమన్నది నేనే గద!"

పెద్దామె చెంగు దులుపుకుంది.

"నువ్వు చూడుమన్నది వేర్లు, సారూ. నీ మాట విని తమ్ముడు పీకిన మంచి వరి మొదళ్లు అగో, గట్టు మీదనే ఎండుతున్నయ్."